ఊరకే వచ్చింది

బెంగాలీ ఊరు సంత్రాగాఛిలో రైల్వే క్వార్టర్స్ పక్కన రమాకుమారి నడిపే డీటీపీ కొట్టులో కీబోర్డు మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. తెలుగు ఆమె వేళ్లకే తెలుసు. పెళ్లికార్డయినా, పెద్దకర్మ కార్డయినా తల వంచకుండా, వక్కపలుకు ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చుకుంటూ టకటకా కొట్టేస్తుంది. కంప్యూటర్ని నడిపే సిస్టమ్ కొత్తది వచ్చిందని, ఉచితంగా ఇస్తామని తెర రోజూ అడిగేది. ఆమె రోజూ ‘తర్వాత’ అని నొక్కేది. నిన్న, ఊరకే వచ్చేదానికి బెట్టెందుకని ‘సరే’ నొక్కింది. ఇవాళ పాత తెలుగు ఫాంటు పనిచేయలేదు. తెర నిండా ఖాళీ గళ్లే. ఇక పాతదానికి వెళ్లే దారి లేదని భవానీపూర్ మెకానిక్ ఫోన్లో చెప్పేశాడు.

“ఆ కంపెనీవోడ్ని అడగవేటమ్మా?” అన్నాడు, భార్య పెద్దకర్మ కార్డు కోసం వచ్చిన కొండయ్య. కార్పొరేషన్లో చీపురు పట్టి రిటైరైన ఆ మనిషికి తెలుగు తప్ప మరో అక్షరం రాదు. “డబ్బెట్టి కొనుంటే దెబ్బలాడుదును బాబాయ్. ఊరకే ఇచ్చినోడ్ని ఏటని అడుగుతాం?” అంది రమాకుమారి. కొండయ్య గడ్డం గోక్కున్నాడు. “పోనీ, ఇంగిలీసులోనే కొట్టెయ్. మా పిల్లలకి తెలుగు సదవడం రాదు గదా.” అరిగిన మీటల మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరాన్నీ వెతుక్కుంటూ ఆమె ఒంటివేలితో కొట్టింది. ప్రింటయిన కార్డుని కొండయ్య రెండు చేతులా అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ ఆమె ముందే పెట్టాడు.

“మీ పిన్ని పేరు ఎక్కడున్నాదో సూపెట్టమ్మా.”