ఒక్కసారీ మొరాయించని బండి

నా పికప్ బండి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెడిపోలేదు. ఈ ఒక్క మాటను గుండె మీద బండలా పెట్టుకుని తిరిగాను. ఇంకెవరైనా అయితే ఇదే మాట టీ కొట్టు దగ్గర రోజూ చెప్పుకుని మీసం దువ్వుకుంటారు. నేను చెప్పుకోలేకపోయాను. చెప్తే, మరి ఆ రోజు ఎందుకు ఆగింది అని అడిగే మనిషి ఒకడుండేవాడు. మీరు నన్ను ఎరగరు. నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్తున్నాను.

ముందు బండి సంగతి చెప్పనివ్వండి. అసలు సంగతికి రావడానికి జంకుతున్నానని మీకు తెలిసిపోతూనే ఉంటుంది. తెలియనివ్వండి.

మాది భద్రాచలం వంతెనకు ఇవతల, అడవి అంచున ఉన్న ఊరు. మిరప తోట సొంతంగా కొంత, కౌలుకు కొంత. కాయ కోతకు మనుషులు అడవి లోపలి గుంపు నుంచి రావాలి. గుంపు అంటే కోయవాళ్ల ఇళ్లు కొన్ని ఒక్కచోట ఉండే వాడ. వాళ్లను తెచ్చుకోవడానికి, బస్తాలు ఖమ్మం తోలడానికి ఈ బండి కొన్నాను. లోడు బండిలో సుఖం వెతుక్కునేవాడివి నువ్వొక్కడివే అని మావాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, సీటు మాత్రం ఏం సీటు! ఖమ్మం పోయి వచ్చినా నడుము పట్టేది కాదు. స్టీరింగు ఒంటి చేత్తో తిరిగేది. వానలో, వాగు ఇసుకలో, మోయగలిగినదానికి మించి బస్తాలు వేసినా తాళం తిప్పగానే లేచేది. వెనక బస్తాల బరువు లేనప్పుడు మాత్రం గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. అది వెనక కూర్చున్న కూలీలకు తెలుస్తుంది గానీ క్యాబిన్‌లో ఉన్నవాడికి తెలియదు.

క్యాబిన్‌లోకి ఎవరినీ ఎక్కనిచ్చేవాణ్ని కాదు. సీట్లకు ఎర్ర మఖ్మల్ కవర్లు వేయించాను, కారం చేతులు అంటుతాయని నా భయం. ముసలివాళ్లనైనా వెనకే ఎక్కమనేవాణ్ని. నవ్వుతూనే అనేవాణ్ని.

ఇంకొకటి ఉంది. బండ్లు దొంగలపాలవుతున్నాయని అందరూ అంటుంటే, కొత్తగూడెంలో ఒకతని దగ్గర దొంగ స్విచ్ పెట్టించాను. స్టీరింగు కింద లోపలికి చేయి పెడితే తప్ప దొరకదు. అది ఆపితే బండికి కరెంటు మొత్తం ఆగిపోతుంది. తాళం తిప్పినా లేవదు, వెనక నుంచి నెట్టినా లేవదు. అది ఉన్నట్టు మా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు.

బండి తెచ్చిన వెంటనే భద్రాచలం తీసుకుపోయి పూజ చేయించాను. టైర్ల కింద నిమ్మకాయలు, అద్దానికి దండ, అన్నీ. మా ఊళ్లో బండ్లున్నవాళ్లకు ఒక పట్టింపు ఉంది. ఏడాది తిరిగేదాకా కొత్త బండిలో పురిటి మనిషిని గానీ, ప్రాణం మీదికి వచ్చిన మనిషిని గానీ ఎక్కించకూడదు. మైల. నెత్తురు పడ్డా, ప్రాణం పోయినా ఆ బండి ఇక కలిసిరాదంటారు. ఈ మాట ఎవరూ పైకి అనరు. అవసరం వచ్చినప్పుడు ఒకడు డీజిల్ లేదంటాడు, ఇంకొకడు తాళం కనబడటం లేదంటాడు. వాళ్లు కనీసం అంతటితో ఆగారు.

బండికి ఇంకా ఏడాది నిండలేదు. ఆ రోజు కోత లేదు. మర్నాటికి మనుషుల్ని మాట్లాడదామని మధ్యాహ్నం గుంపుకు పోయాను. నిజం చెప్పాలంటే బండి చూపించుకుందామని పోయాను. పిల్లలు చుట్టూ చేరి అద్దాల్లో మొహాలు చూసుకుంటుంటే ముట్టుకోవద్దని అరుస్తూ మురిసిపోతున్నాను. అప్పుడు జోగయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. జోగయ్య ఏటా నా తోటకు కోతకొచ్చే మనిషి. అతని భార్య ముత్తమ్మకు నెలలు నిండాయి. పొద్దుటి నుంచి నొప్పులని, నెత్తురు ఆగడం లేదని, బండిలో వేసుకుని భద్రాచలం దవాఖానాకు పోదామని అన్నాడు. గుంపులో ఇంకో బండి లేదు. ఫోనుకు సిగ్నల్ అందాలంటే తారు రోడ్డు దాకా నడవాలి. నేను ఏమీ అనకముందే ఆడవాళ్లు ఆమెను మంచం మీద బయటికి తెచ్చారు. చీర తడిసి ఉంది. నేను ముందు ఆ చీరను చూశాను. తర్వాత నా సీటును చూశాను. ఆమె ముఖం చూసింది అన్నిటికంటే చివర.

మైలకు భయపడ్డానా? అట్లా అనుకోవడం నాకు చాలా ఏళ్లు పనికొచ్చింది. మైల అంటే పెద్దల మాట, నాదేం లేదు అనుకోవచ్చు. కానీ దేవుడంటే కూడా నాకు అంత భయం లేదు. వెనక నాలుగు గోనె సంచులు పరిచి పడుకోబెట్టినా పోయేది, సీటుకు మరకైనా అంటేది కాదు. అంటినా, ఎర్ర గుడ్డ మీద నెత్తురు కనబడను కూడా కనబడదు. అప్పుడు ఇవేవీ తోచలేదు. తోచలేదా, తోచనివ్వలేదా?

ఎక్కిద్దాం, ముందు బండి లేపనివ్వండి అన్నాను. క్యాబిన్‌లో కూర్చుని కిందికి చేయి పెట్టి స్విచ్ ఆపాను. చేయి దానంతటదే పోయిందని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. చేతులు వాటంతటవి ఎక్కడికీ పోవు. తాళం తిప్పాను. చప్పుడు లేదు. మళ్లీ తిప్పాను. బ్యాటరీ దిగిందన్నాను. జోగయ్య నా ముఖంలోకి చూశాడు. ఇప్పుడే కదా వచ్చావు అన్నట్టు చూశాడు. నూకండి, నూకితే లేస్తది అన్నాను.

నెట్టారు. గుంపులో ఉన్న మగవాళ్లంతా నెట్టారు. ఎండకు కాలిన ఇసుక బాట, కాళ్లకు చెప్పులు లేవు. జోగయ్య నడిమధ్యన భుజం ఆనించి నెట్టాడు. నేను మెత్తటి సీటులో కూర్చుని, నిజంగా ప్రయత్నిస్తున్నట్టు మధ్య మధ్య క్లచ్ వదిలి బండిని కుదిపాను. ఇంకొంచెం, ఇంకొంచెం అని అరిచాను కూడా. వాడ చివరి దాకా నెట్టారు, తిప్పి మళ్లీ ఇంటి ముందుకు నెట్టారు. పక్క అద్దంలో మంచం కనబడింది. ముత్తమ్మ తల ఇటు తిప్పి బండినే చూస్తోంది. లేస్తుందనే అనుకుందేమో.

చివరికి ఆయాసంతో వాళ్లే వదిలేశారు. అదే మనుషులు, ఉన్న సత్తువంతా నా బండికి పోసిన ఆ మనుషులే, మంచం ఎత్తుకుని తారు రోడ్డుకు బయల్దేరారు.

వాళ్లు కనుమరుగయ్యాక స్విచ్ వేశాను. ఒక్క తిప్పుకే లేచింది. ఆ చప్పుడు విని ఒక ముసలమ్మ గుమ్మంలోకి వచ్చింది. లేచింది కదా, జల్దీ పోయి వాళ్లను దారిలో ఎక్కించుకో బిడ్డా అంది. తల ఊపాను. వాళ్లకు ఎదురుపడని వాగు దారి పట్టి ఇంటికి పోయాను. మొదటి తప్పుకు కంగారు పడ్డానని అనొచ్చు. దీనికి ఏమని పేరు పెట్టను?

తారు రోడ్డు పక్కన ఆడపిల్ల పుట్టింది. ఆటో దొరికింది గానీ వంతెన చేరకముందే ముత్తమ్మ పోయింది. తర్వాత అడిగినవాళ్లకు, కాసేపటికి బండి దానంతటదే లేచిందని, వెతికితే వాళ్లు కనబడలేదని చెప్పాను. కర్మ అన్నారు అందరూ. నేనూ అన్నాను.

దినాలు అయ్యాక జోగయ్య పనికి వచ్చాడు. కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"అన్నా, మేం ఇంకొంచెం గట్టిగ నూకితే లేచేదేమో గదా?"

"అవ్, ఇంకో ఇద్దరుంటే లేచేది" అన్నాను.

ఎందుకన్నాను? నన్నెవరూ నిలదీయలేదు. ఊరుకున్నా సరిపోయేది. నీ తప్పేం లేదు జోగయ్యా అంటే నా సొమ్మేం పోయేది? మోయడానికి ఒక మనిషి దొరికాడని అతని నెత్తిన పెట్టాను.

అప్పటినుంచి జోగయ్యకు ఒక అలవాటు పట్టుకుంది. ఎక్కడ బండి ఆగినా పరిగెత్తుకుపోయి నెడతాడు. సంతలో ఆటో అయినా, ఊరిబయట ఇసుకలో దిగబడిన ట్రాక్టరైనా, ఎవరిదని చూడడు. చాలు చాలు అన్నా వదలడు. నూకుడు జోగయ్య అని పేరు పెట్టి నవ్వుతారు. నేనూ నవ్వాను. వాళ్ల పిల్ల ఇప్పుడు బడికి పోతోంది. ఒకసారి నా బండిలో వెనక కూర్చుని ఆ పిల్ల, అమ్మ ఎట్లా పోయింది నాయనా అని అడిగితే, నా రెక్కల్లో సత్తువ చాలలేదు బిడ్డా అని అతను చెప్పడం నా చెవులతో విన్నాను. వింటూ గేరు మార్చాను.

బండి మాత్రం కలిసివచ్చింది. బ్రహ్మాండంగా కలిసివచ్చింది. తోట పెరిగింది, ఇల్లు లేచింది.

ఈ మధ్య బండి అమ్ముదామనుకుంటే వైరా నుంచి ఒకతను చూడటానికి వచ్చాడు. జోగయ్య వెనక ట్రాలీ కడుగుతున్నాడు. ఎప్పుడైనా ట్రబుల్ ఇచ్చిందా అని అతను అడిగితే, ఒక్కసారి కూడా లేదన్నాను. వెనక నుంచి జోగయ్య, ఒక్కసారి ఆగింది కదన్నా అని గుర్తు చేశాడు. ఎత్తిపొడుపేం లేదు ఆ మాటలో. వచ్చినతనికి అనుమానం పట్టుకుంది. స్టీరింగు కింద తడిమి తడిమి స్విచ్ పట్టుకున్నాడు, ఇదేంటని అడిగాడు. బేరం చెడిపోతుందని నా నోరు ముందుకురికింది. దొంగల కోసం పెట్టించాను, అది ఆపితే పదిమంది నూకినా లేవదు అన్నాను. గొప్పగానే అన్నాను.

అతను స్విచ్ ఆపి తాళం తిప్పి చూశాడు. చప్పుడు లేదు. ఆ క్షణంలో బండి కొంచెం ముందుకు కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే, జోగయ్య అప్పటికే భుజం ఆనించి నెడుతున్నాడు.

నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో వచ్చింది.

"వద్దు జోగయ్యా. ఆ రోజు గూడ ఈ స్విచ్చే. నేనే ఆపిన."

అతను భుజం తీశాడు. తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మరి మమ్మల్ని నూకమని ఎందుకన్నవన్నా?"

అంతే అడిగాడు. ఎందుకు తీసుకుపోలేదని అడగలేదు. అడవి దారిన నడుచుకుంటూ పోయాడు. మళ్లీ మా ఇంటి వైపు రాలేదు. వైరా అతను స్విచ్ వేసి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే లేచింది. మంచి బండి అన్నాడు, తీసుకుపోయాడు.

జోగయ్యకు చెప్పలేని జవాబు మీకు చెప్తాను. నా మీద అనుమానం రాకూడదని. ఒక మనిషి ప్రాణం పోతుంటే, ఆమె మొగుడి కళ్లలో నేను మంచివాడిగా మిగలాలని, అతని చేతే నా బండి నెట్టించాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ పని మీది కాదు. చెప్పేశాను, అంతే. స్విచ్ సంగతి బయటపెట్టిన నాడు నాకు ఏళ్ల తర్వాత ఒళ్లెరగని నిద్ర పట్టింది. జోగయ్యకు పట్టిందో లేదో నేను కనుక్కోలేదు.