సీసా మీది పాత కాగితం

మొన్న మదనపల్లెలో బస్సు కోసం కూర్చుని పేపరు చదువుతుంటే, సర్కారు ఆసుపత్రిలో చీటీకి డబ్బు పెట్టాలని, ఊరికే ఇస్తే జనానికి విలువ తెలియదని ఎవరో పెద్దమనిషి రాసిన ముక్క కంటబడింది. ముప్పై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని నేను. అంత పాటుపడి నేర్చుకున్నది ఈ పాచిమాట చదవడానికా అనిపించింది.

పాచిమాటే మరి, డెబ్బైలలోనే విన్నాను. పుంగనూరు అవతల, మా ఊరికి రెండు కోసుల దూరంలో సర్కారు డిస్పెన్సరీ ఉండేది. మందు ఊరికే, సీసా మాత్రం మనది. నీళ్ళమందు పోసి, చదువురానివాళ్ళ కోసం అంచున గాట్లు కత్తిరించిన కాగితం సీసాకు అంటించేవాళ్ళు. గాటుకూ గాటుకూ నడుమ ఉన్నది ఒక పూట మందు. మా నాయన జ్వరానికి తెచ్చిన సీసాను అమ్మ లోపల మాత్రం కడిగి, పై కాగితం తడవకుండా గూట్లో దాచింది. మూడేళ్ళ చెల్లెలికి దగ్గు వస్తే, దాన్ని చంకనేసుకుని ఆ సీసాతోనే అమ్మా నేనూ వెళ్ళాం.

ఆ రోజు వరండాలో ఊరి పెద్దలు కుర్చీలేసుకుని, చీటీకి అర్ధరూపాయి పెట్టాలా వద్దా అని వాదించుకుంటున్నారు. మందుల వరసలో ఎన్నడూ నిలబడని మొహాలు. ఊరికే ఇస్తే గేటు దాటగానే పారబోస్తారని ఒక కంట్రాక్టరు తేల్చేశాడు. అమ్మ వరసలోంచే, "పారబోసేదానికేనా సామీ, సీసా కడుక్కోని, బిడ్డనెత్తుకోని ఇంత దూరం నడిసొస్తాండేది?" అంది.

"నోరు బాగనే ఉండాదే నీకు!" అని ఆయన నవ్వాడు, తక్కినవాళ్ళూ నవ్వారు. వాదించి గొంతులు ఎండాయి కాబోలు, కాఫీలు తెమ్మని కాంపౌండరును కేకేశారు. అతను మందు పోసి, కొత్త కాగితం అంటించకుండానే సీసా నా చేతిలో పెట్టి పరుగెత్తాడు.

నాయనకు పెట్టిన గాట్ల ప్రకారం పసిదానికి నేనే పోశాను. మర్నాడంతా అది లేవలేదు. గిల్లినా, నీళ్ళు చల్లినా కదల్లేదు. మూడో పొద్దున కళ్ళు తెరిచి సంగటి అడిగేదాకా అమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. తరువాత నిలదీస్తే కాంపౌండరు, "పాత కాగితం యాల పెరికెయ్యలేదమ్మా?" అని మమ్మల్నే గదిమాడు.

చెల్లెలు ఇప్పుడు కుప్పంలో మనవళ్ళను ఆడిస్తోంది. సీసాలు పోయాయి, అమ్మా పోయింది. కుర్చీలూ, ఆ మాటా పోలేదు. ఊరికే వచ్చిన మందుకు విలువ లేదనుకుని ఉంటే, అమ్మ ఆ కాగితాన్ని ఏనాడో చింపి పారేసేది. నా చేత్తో నేను చెల్లెలికి అంత మందు పోసేదాన్నీ కాదు.