ఒక్క ‘ళ’ కోసం వాట్‌గంజ్ దాకా

పలాసలో కలకత్తా వెళ్ళే షాలిమార్ బండి సాయంత్రం ఏడింటికి రావాలి, ఎనిమిదిన్నరకి వచ్చింది. స్లీపర్ టికెట్ మనిషికి నాలుగు వందల చిల్లర. సంచిలో రెండు చీరలు, పులిహోర, జీడిపప్పు పొట్లం, నా పాత ఉద్యోగపు గుర్తింపు కార్డు. ఆ కార్డు మా ఆయన పెట్టారు, ఆఫీసులో నువ్వెవరని అడుగుతారట. ఇన్నాళ్ళూ పిల్లల్ని హడలగొట్టింది చాలక కలకత్తా మీద పడుతున్నావా అని స్టేషన్లోనే ఆటపట్టించారు. నాతో మా ఊరి అప్పన్న ఉన్నాడు కాబట్టి ధైర్యంగా వదిలారు.

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెప్పేస్తాను. నేను రిటైరైన తెలుగు పంతులమ్మని. సువార్త నా దగ్గర అయిదో తరగతి దాకా చదివింది, తర్వాత పెళ్ళయి కలకత్తా వాట్‌గంజ్‌కి వెళ్ళింది. భర్త దానియేలు రేవులో ఒక కాంట్రాక్టరు దగ్గర సరుకు దించే పని చేసేవాడు. నిరుడు వేసవిలో మిట్టమధ్యాహ్నం ఓడ నిచ్చెన మీంచి పడి చనిపోయాడు. ఉచిత న్యాయసహాయం కింద ఒక లాయరమ్మ నష్టపరిహారం కేసు వేసింది. ప్రమాదం చూసిన తోటి కూలీ అప్పన్నే. అప్పటికి ఊరొచ్చేసి ఉన్నాడు కనక జరిగింది లాయరమ్మ రికార్డు చేసుకునేలా ఫోన్లో చెప్పాడు: “ఎండకి కల్లు తిరిగి పడిపోనాడు.”

మా శ్రీకాకుళం వైపు చాలామంది నోట ‘ళ’ పలకదు. అప్పన్న చెప్పింది కళ్ళు తిరిగాయని. ఇంగ్లీషు తర్జుమాలో మాత్రం కల్లు తాగి తూలి పడ్డాడని వచ్చింది. కాంట్రాక్టరు తరఫువాళ్ళు ఆ ముక్క పట్టుకుని కూర్చున్నారు.

సువార్త ఫోన్ చేసింది. ప్రాణం పోయిన కేసులో తాగాడన్న సాకు చెల్లదని, డబ్బుకేం ఢోకా లేదని లాయరమ్మ ధైర్యం చెప్పిందట. సువార్త బాధ అది కాదు.

“డబ్బులొస్తాయంట టీచరమ్మా. ఆ మాట మాత్రం కాయితంలో ఉండిపోతాదంట. సుక్క ముట్టని మనిసి ఆయన. రేపు నా కూతురు అది సదివితే ఏటనుకుంటాది? అది తీసేదాకా నాను సంతకం ఎట్టను” అంది.

ముప్పై ఏళ్ళు పిల్లల నోటుపుస్తకాల్లో ఆ ‘ల’ కింద ఎర్ర గీత గీసినదాన్ని. ఇప్పుడు అదే ‘ల’ని వెనకేసుకు రావడానికి నేనే బయల్దేరాల్సి వచ్చింది. తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది.

బండిలో మా ఎదురుగా అరకు చూసి వస్తున్న బెంగాలీ దంపతులు. మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిరపకాయలు కలిపి మాకూ పెట్టారు, మేం పులిహోర పెట్టాం. నాకొచ్చిన హిందీలో పని చెప్తే పెద్దాయన నవ్వలేదు. “మాకూ రెండు న-లు ఉన్నాయి దీదీ. పలకడంలో తేడా లేదు, బడిలో దెబ్బలు మాత్రం తిన్నాం” అన్నాడు. అప్పన్న పై బెర్తు మీద హాయిగా గుర్రు పెట్టాడు. నాకే నిద్ర సరిగా పట్టలేదు.

పొద్దున్న ఎనిమిది దాటాక షాలిమార్‌లో దిగాం. కొత్తగా వచ్చేవాళ్ళకో మాట. స్టేషన్ బయట మొదటి టాక్సీవాడు చెప్పిన రేటుకి ఎక్కకండి, నాలుగడుగులు ముందుకు నడిస్తే సగానికి వస్తారు. పెద్ద వంతెన మీంచి హుగ్లీ దాటుతుంటే నది మీద పల్చగా మంచు, కింద పడవలు. వంతెన దిగితే వాట్‌గంజ్ ఎంతో దూరం లేదు.

సువార్తది ఒకటే గది. గోడకి దానియేలు ఫోటో, కింద బైబిలు. కాళ్ళు కడుక్కునేలోపు చింతపండు చేపల పులుసు వాసన వచ్చింది. ఆవాలు నూరి పోసే ఊళ్ళో మన పులుసు తింటే ప్రాణం లేచొచ్చింది. కూతురు గ్రేస్ కాలేజీలో చదువుతోంది. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, మధ్యలో బెంగాలీ దొర్లుతుంది, తెలుగు చదవడం రాదు. ఇంగ్లీషు మాత్రం గడగడా చదువుతుంది. సువార్త భయం అప్పుడు బాగా అర్థమైంది.

మర్నాడు పదింటికి అందరం కార్మిక నష్టపరిహారం ఆఫీసుకి చేరాం. మెట్ల దగ్గర మట్టి ముంతలో టీ తాగుతుండగా ఒక కుర్రాడు కారు దిగి నమస్కారం పెట్టాడు. పేరు శ్రీకాంత్, సొంతూరు కరీంనగర్, న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సాయం చేద్దామని ఆ తర్జుమా చేసిపెట్టింది ఇతనే. దొరికితే నాలుగు దులుపుదామని ఊరి నుంచే మాటలు కూడబెట్టుకుని వచ్చాను.

“మా దిక్కు కండ్లు అంటం మేడం. కల్లంటే మాకు తాగే కల్లే. ఇంకో తీరుగ ఉంటదని తట్టలే. ఆ అమ్మకు మొహం ఎట్ల చూపెట్టాల్నని రాత్రంతా నిద్ర పట్టలే” అన్నాడు.

తప్పు ఒప్పుకోవడానికి సెలవు పెట్టి వచ్చినవాణ్ణి ఏమని తిడతాం. అతనికీ ఒక టీ చెప్పాను. సువార్త అతని వైపు చూడలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా పిలిచారు. అధికారి వయసు మళ్ళిన బెంగాలీ, ఓపికున్న మనిషి. నేను లేచి ల, ళ సంగతి నాకొచ్చిన హిందీలో పాఠంలాగే చెప్పాను, లాయరమ్మ బెంగాలీలో అందించింది. అవతలి వకీలు, ఈమె వాళ్ళ ఊరిదే, వాళ్ళకి కావలసిందే చెబుతుంది అన్నాడు. అప్పుడు శ్రీకాంత్ లేచి, తర్జుమా చేసింది తానేనని, తన తెలుగు వేరని, తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. అధికారి, ఆ మాటకి అర్థమేమిటో సాక్షినే చూపించమనండి అన్నాడు.

అప్పన్నకి మన తెలుగు, నాలుగు ముక్కల రేవు హిందీ తప్ప ఇంకోటి రాదు. అడగాల్సింది నేనే. నా జన్మలో మొదటిసారి ఆ మాట వాళ్ళలాగే పలికాను.

“అప్పన్నా, కల్లంటే ఏటి? సూపించు.”

ఇదేం ప్రశ్న అన్నట్టు నా వైపు చూసి, రెండు అరచేతులూ కళ్ళ మీద పెట్టుకున్నాడు. “ఇయ్యే గదా టీచరమ్మా” అన్నాడు. చేతులు తీసేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. “కల్లు తిరుగుతన్నాయిరా అన్నాడు. నాను పట్టుకునేలోపే పడిపోనాడు.”

నేను హిందీలో చెప్పింది లాయరమ్మ బెంగాలీలో అందించింది. ఆ వాక్యం కొట్టేసి సరిదిద్దమని అధికారి ఆర్డరు వేశాడు. పరిహారం లెక్క తేల్చడానికి ఇంకో వాయిదా ఉంది. సువార్త బయటికొచ్చి శ్రీకాంత్ చెయ్యి పట్టుకుంది. అన్నం తినకుండా వెళ్ళొద్దు బాబూ అంది. ఆ పూట ఆ ఒక్క గదిలో అందరం నేల మీద కూర్చుని తిన్నాం. కరీంనగర్ కుర్రాడు పులుసు మూడుసార్లు వడ్డించుకున్నాడు, వాణ్ణి చూస్తే నాకు ముచ్చటేసింది.

ఇలాంటి కష్టం ఎవరికైనా వస్తే నాకు తెలిసినంతలో ఒకటే చెప్తాను. న్యాయసహాయం ఆఫీసులో మంచి లాయర్లు ఉంటారు, ఫీజు అడగరు. మీ మాట తెలిసిన మనిషిని మాత్రం వెంట తీసుకెళ్ళండి.

తిరుగు బండి షాలిమార్‌లోనే. సాగనంపడానికి వచ్చిన సువార్త కిటికీలోంచి ఒక తెల్లకాగితం, పెన్నూ ఇచ్చింది. ఇన్నాళ్ళూ సమాధి మీద రాయి వేయించలేదట, ఆ మాట పోయాకే వేయిద్దామని. చెక్కేవాడికి తెలుగు రాదు, గీసిచ్చింది గీసినట్టు చెక్కుతాడు. కాగితం ఒళ్ళో పెట్టుకుని దానియేలు పేరు పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.

బండి కదిలింది. ఆమె కిటికీ పక్కనే నడుస్తూ, కాగితం చూసుకుంటూ, చివరి అక్షరం మీద వేలు పెట్టి అడిగింది.

“ఇది ఏ ల టీచరమ్మా? తప్పు రాదు గదా?”

“మామూలు ల-నే సువార్తా. ఆయన పేరులో ఏ తప్పూ లేదు” అన్నాను.