స్టీరింగ్ మీద ఇత్తడి బిళ్ళ

మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, నా కారును మొదటిసారి చూసిన రోజు దాని చుట్టూ ఒక్క తిరుగుడు తిరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది: "గిది కారా, కాలి చెప్పా?"

ఎర్ర రంగు, రెండే తలుపులు, నేలకు జానెడు ఎత్తు. నేను కొనేనాటికే దానికి పదిహేనేళ్ళు. స్పోర్ట్స్ కారంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. కరీంనగర్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునే మనిషికి ఇదేం సోకని తోటి లెక్చరర్లు ముందూ నవ్వారు, వెనకా నవ్వారు. మా ఇంటామె అయితే దాన్ని సవతి అంటుంది. అననీ, నాకేం? అవ్వ మాట మాత్రం గుచ్చుకుంది. ఆ కారు కొన్నప్పుడు నా మనసులో ఉన్నది ఒక్కటే కోరిక. పక్క సీట్లో అవ్వ కూర్చోవాలి, నేను ఆమెను మంథనిలో ఉన్న తన అక్క, మా పెద్దవ్వ దగ్గరికి తీసుకుపోవాలి.

మూడేళ్ళు గడిచినా ఎక్కలేదు. ప్రతి ఆదివారం కరీంనగర్ నుంచి అవ్వ ఉండే నస్పూర్‌కు వచ్చేవాణ్ణి, ప్రతిసారీ అడిగేవాణ్ణి, ప్రతిసారీ ఒక కొత్త సాకు చెప్పేది. "మోకాళ్ళు వంగయి కొడుకా." "పండుకొని పోనీకి అంబులెన్సు ఉన్నది గద, గిదెందుకు?" తాను మాత్రం రెండు చేతుల్లో రెండు సంచులతో బస్సులు మారి అక్క దగ్గరికి పోయి వచ్చేది. నాకు ఒళ్ళు మండేది.

అసలు కారణం తెలియక కాదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు బొగ్గుబాయిలో, అదే గనిలో, కప్పు కూలి మా బాపు చనిపోయాడు. అప్పటి నుంచి తల మీద కప్పు దగ్గరగా ఉండే ఏ చోటా అవ్వ నిలవలేదు. మంచం కిందికి గిన్నె దొర్లితే చీపురుతో లాగుతుంది తప్ప తల దూర్చదు. అది తెలిసీ అడిగేవాణ్ణి, కాదంటే అలిగేవాణ్ణి. నలభై అయిదేళ్ళ మనిషిని, సిగ్గు లేకుండా.

చివరికి ఆ కారుకు దెబ్బ తగిలింది కూడా బొగ్గు వల్లే. ఓ ఆదివారం పొద్దున నస్పూర్ దారిలో ముందు పోతున్న లారీ నుంచి దొర్లిన బొగ్గుపెళ్ళ నా కారు కడుపుకు తగిలింది. గేర్‌బాక్స్ అడుగున పళ్ళెం లాంటిది ఒకటి ఉంటుంది, ఆయిల్ పాన్ అంటారు. గేర్లకు కావలసిన నూనె దాంట్లోనే నిలుస్తుంది. నా కారులో అది ప్లాస్టిక్‌ది. అడ్డంగా పగిలింది. ఎర్రటి నూనె కార్చుకుంటూ ఎట్లాగో ఇంటి వాకిట్లోకి వచ్చి ఆగిపోయింది. అవ్వ ఆ మరకలు చూసి, "బాయి ఇంకా మనల్ని ఇడిసిపెడ్తలేదు" అంది. నవ్వుతూనే అంది.

ముందు నేను తెలివి చూపించాను. పగులుకు ఎపాక్సీ ముద్ద మెత్తి, అతుకు అదిరిపోయిందని నన్ను నేనే మెచ్చుకున్నాను. మళ్ళీ ఆదివారం వచ్చి చూస్తే కారు కింద అవ్వ పెట్టిన పాత తాంబాళంలో నూనె నిండి ఉంది. "నీ అతుకు మస్తుగున్నది సారూ" అంది. ఇక కొత్త పాన్ తెప్పించక తప్పలేదు. అది కొరియర్‌లో వచ్చేసరికి నెల పట్టింది.

ఇక్కడ మా అవ్వ గురించి ఒక సంగతి చెప్పాలి. బాపు పోయాక ఆయన బదులు ఆమెకు బాయి వర్క్‌షాపులో పని ఇచ్చారు. ఇనుప రజను ఊడ్చే పనితో మొదలుపెట్టి, పానాలు అందించి, చివరికి పంపుసెట్ల బోల్టులు తానే విప్పి బిగించేదాకా వచ్చింది. రిటైరయ్యేనాటికి బోల్టు బిగింపు చప్పుడు విని చెప్పేది, సరిపోయిందో లేదో.

అక్కడ పనిచేసే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. బాయిలోకి దిగేవాళ్ళు దాన్ని పైన బోర్డుకు తగిలించి దిగుతారు, పైకి వచ్చాక ఎవరిది వాళ్ళే తీసుకుంటారు. బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. వర్క్‌షాపులోనూ అంతే. మిషన్ కిందికి దూరేవాడు తన బిళ్ళను స్విచ్చుకు తగిలించాలి. తగిలించినవాడు తప్ప ఇంకెవ్వరూ దాన్ని తీయకూడదు, స్విచ్చు వేయకూడదు. అవ్వ బిళ్ళ మా ఇంట్లో గోడ మేకుకు వేలాడుతుంది. బాపుది ఆమె ప్రార్థనకు తీసుకుపోయే చేతిసంచిలో, బైబిలు పక్కన ఉంటుంది. అది అక్కడెందుకుందో నేను ఎన్నడూ అడగలేదు.

కొత్త పాన్ బిగించే ఆదివారం అవ్వ పొద్దున్నే ప్రార్థనకు పోయి వచ్చి, పాత చీర కట్టుకుని వాకిట్లో పీట వేసుకుంది. కారును జాకీతో లేపి నాలుగు స్టాండ్ల మీద నిలిపాను. ఆమె చాలదంది. స్టాండు జారినా కారు నా మీద పడకుండా, చక్రాలు ఊడదీయించి కిందికి తోయించింది. తర్వాత కారును భుజంతో ఒకసారి నెట్టి, కదలలేదని చూసుకున్నాకే నన్ను దూరనిచ్చింది.

పాత పాన్ ఊడింది. మిగిలిన నూనె నా మోచేతి దాకా కారింది. కొత్తది పట్టి, ఫోనులో చూసిన న్యూటన్ మీటర్ల లెక్క మనసులో వల్లించుకుంటూ ఒక అంచు నుంచి వరసగా బోల్టులు బిగిస్తూ పోతున్నాను. బయట నుంచి గొంతు వినిపించింది.

"ఆగాగు. గట్ల ఒక్క దిక్కుకెళ్ళి బిగిచ్చుకుంట పోతున్నవా ఏంది?"

"నువ్వు చూడకుండానే ఎట్లా తెలిసిందే అవ్వా?"

"నీ మోచెయ్యి ఒక్కతానికెళ్ళి కదుల్తలేదు. ఈ దిక్కు బిగిస్తే ఆ దిక్కు లేస్తది. మూలకు మూల పట్టు. ముందుగాల అన్నీ వేళ్ళతోని, తర్వాత జర జర."

"నేను ఫిజిక్స్ చెప్తనే అవ్వా."

"చెప్పు, ఎవలొద్దన్నరు? బోల్టు మాత్రం నేను చెప్పినట్టు తిప్పు."

అన్నీ వదులు చేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఒక్కో బోల్టుకూ చప్పుడు విని "ఆఁ" అనేది. ఆ "ఆఁ" కోసం నేను చిన్నపిల్లాడిలా ఎదురు చూశాను, నిజం చెప్తున్నాను.

అసలు చిక్కు నూనె పోసేటప్పుడు వచ్చింది. ఇంజన్ నడుస్తుండగానే మట్టం చూసుకోవాలి. లోపల ఒకరు కూర్చుని బ్రేకు తొక్కి, గేరు లివరును ఒక్కో గడికి జరిపి మళ్ళీ పార్కింగ్ గడికి తేవాలి. తర్వాత ఇంకొకరు కింద దూరి, పక్కనున్న రంధ్రం నుంచి నూనె సన్నగా కారేదాకా పోసి మూత బిగించాలి. అంతలో నూనె బాగా వేడెక్కితే లెక్క తప్పుతుంది. సాయం వస్తానన్న పక్కింటాయన పెండ్లి పిలుపుందని పొద్దున్నే హుస్నాబాద్ వెళ్ళిపోయాడు.

"ఇగ ఈ వారం కాదు, వచ్చే వారం చూద్దాం" అన్నాను విసుగ్గా.

అవ్వ కారు వంక చూసింది. తెరిచిన తలుపును, లోపలి చీకటి సీటును, తలకు తగిలేటట్టున్న కప్పును చూసింది. తర్వాత లేచి చెయ్యి చాపింది.

"తాళం ఇటియ్యి."

"నువ్వా? వద్దు అవ్వా, మొండికి పోకు."

"ఇయ్యమంటున్న గద. నీ బిళ్ళేది?"

"ఇది బాయి కాదే, కారు."

"కిందికి దూరేది నువ్వే గదా. బిళ్ళ లేకుంట ఎట్ల దూర్తవు?"

లోపలికి పోయి చేతిసంచి తెచ్చింది. దాంట్లోంచి బాపు బిళ్ళ తీసి, దారం కట్టి స్టీరింగ్‌కు తగిలించింది. అప్పుడు తల వంచి, ఒక చేత్తో తలుపు గట్టిగా పట్టుకుని, కారులో కూర్చుంది. మూడేళ్ళు నేను బతిమాలినా కూర్చోని మనిషి. నాకు సంతోషం వేయాలి కదా, వేయలేదు. ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

చెప్పినట్టే చేసింది. తాళం తిప్పింది, బ్రేకు తొక్కింది, నేను తలుపు దగ్గర నిలబడి చూస్తుంటే లివరును ఒక్కో గడికి నిదానంగా జరిపి వెనక్కి తెచ్చింది. ఇక కాలు తీసినా ఏం కాదని చెప్పి నేను కిందికి దూరాను. నూనె పోశాను. ముందు దారగా కారింది, తర్వాత సన్నబడింది, చుక్కలయింది. మూత బిగించాను.

"అవ్వా, బంద్ చెయ్యి!"

ఇంజన్ ఆగింది. బయటికి వచ్చి నడుం విరుచుకుని, "అయిపోయింది, దిగు" అన్నాను. దిగలేదు. నా వైపు కూడా చూడలేదు. చూపంతా బిళ్ళ మీదే ఉంది.

"ముందుగాల బిళ్ళ తియ్యి."

"నా చేతులు చూడు, అంతా నూనె. నువ్వే తియ్యరాదు?"

"నువ్వే తియ్యాలె!" అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. "దిగినోడే తియ్యాలె!"

వంగి, నూనె చేతులతోనే తీశాను. అది బొగ్గుపొడి పట్టి నల్లబడిన పాత ఇత్తడి. "తీసిన అవ్వా" అన్నాను.

ఖాళీ స్టీరింగ్ వైపు చూసి పెద్దగా ఊపిరి వదిలింది.

"గా దినం పొద్దుమూకేదాంక బోర్డు కాడనే నిలవడ్డ. అందరొచ్చిండ్రు, ఎవలది వాళ్ళు తీసుకున్నరు. గిదొక్కటే మిగిలె. ఇగ నేనే తీసిన."

ముప్పై ఆరేళ్ళలో నాకు ఈ మాట చెప్పలేదు. నేను తలుపు పక్కన నేల మీదే కూలబడ్డాను, ఏడ్చాను. ఆమె కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. అవసరం లేదని చెప్పినా తీయలేదు. నేనే పట్టుకుని పక్కకు తీశాను.

దిగి ముఖం కడుక్కుంది, నాకు చాయ్ పోసింది. నేను చక్రాలు ఎక్కించి, కారును నేల మీదికి దించి, వీధి చివరి దాకా తిప్పి తెచ్చాను. కింద ఒక్క చుక్క కారలేదు. తిరిగి వచ్చేసరికి అవ్వ మంచి చీర కట్టుకుని, రెండు సంచులు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"మంథని పోదాం పా. మా అక్కకు ఫోన్ చేసిన."

ఎక్కే ముందు మేకుకు వేలాడే తన బిళ్ళ తెచ్చి కారు అద్దానికి తగిలించింది. దారి పొడవునా అది అద్దం కింద ఊగుతూనే ఉంది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. నేను అంత నిదానంగా ఎప్పుడూ నడపలేదు.

మంథనిలో పెద్దవ్వ గడపలో ఎదురు చూస్తోంది. అవ్వ మెల్లగా దిగి, నడుం నిటారు చేసుకుని, మళ్ళీ లోపలికి చెయ్యి పెట్టి బిళ్ళ తీసి కొంగున ముడివేసుకుంది.

"గదేందే చెల్లే?" అంది పెద్దవ్వ.

"ఏం లేదక్కా" అంది అవ్వ. "బైటికొచ్చిన."