మేం నలుగురం ఉన్న పటం

మా అమ్మాయికి ఒక్క ఫొటో కూడా లేదు. డెబ్భైల చివర్లో, మేం అమెరికా వచ్చిన రెండో చలికాలంలో, నెలలు నిండకుండానే పుట్టింది. మావారి దగ్గర కెమెరా ఉంది, అందులో రీలూ ఉంది. కానీ మా అమ్మ ఫోన్లో, "పురిటిబిడ్డకి ఫొటోలు తీయకండే, దిష్టి తగులుతుంది. పేరు పెట్టాక తీద్దురుగాని," అంది. పేరు పెట్టే రోజు రాకముందే పాప పోయింది. ఆస్పత్రిలో కాలికి కట్టిన పట్టీ మీద ‘బేబీ గర్ల్’ అని ఉండేది. అదే దాని పేరు.

నేను దాన్ని చూసింది అద్దాల పెట్టెలోనే. ముక్కులో గొట్టం, బుగ్గల మీదా గడ్డం మీదా టేపులు. మొహం ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే చెప్పలేను. తర్వాత బాబు పుట్టాడు, వర్జీనియాలో షాంటిలీకి మారాం. పాప సంగతి మావారు ఒక్కనాడూ ఎత్తలేదు. నేనెత్తితే లేచి బయటికి వెళ్ళి, కడిగిన కారునే మళ్ళీ కడిగేవారు.

బాబు కిండర్‌గార్టెన్‌లో చేరాక పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే. వాషింగ్టన్‌లో ఒక మ్యూజియంలో వారానికోసారి స్లైడ్లు వేసి చిత్రాల గురించి ఉచితంగా చెబుతారని తెలిసి వెళ్ళడం మొదలుపెట్టాను. చెప్పేది ఒక పెద్దావిడ. ఆ రోజు డచ్చివాళ్ళ చిత్రాలు. తెర మీద ఒక రాజవంశపు మగవాళ్ళు బారుగా నిలబడి ఉన్నారు. తాత, ఆయన కొడుకులు, మనవడు, మునిమనవడు. అందరి పాదాలూ ఒకే గచ్చు మీద.

"ఈ బొమ్మ వేసేనాటికి బతికున్నది ఈ చివరి కుర్రవాడొక్కడే," అందావిడ. "తక్కినవాళ్ళంతా పోయినవాళ్ళే. పాత బొమ్మలు చూసి వాళ్ళ మొహాలు దింపారు. వంశం తెగిపోలేదని లోకానికి చూపించాలి కదా."

తర్వాతి స్లైడులో రాజులు లేరు, ఒక మామూలు కుటుంబం. తల్లీ తండ్రీ, చుట్టూ పిల్లలు. పైన మబ్బుల్లో రెక్కలతో ఇద్దరు పసివాళ్ళు. పుట్టి పోయిన బిడ్డలట.

ఆ గదిలో అంతవరకూ నోరు విప్పనిదాన్ని, చెయ్యెత్తాను. "ఆ పసివాళ్ళ మొహాలు వేసేవాడికి ఎలా తెలిశాయి?"

"తెలిసి ఉండకపోవచ్చు. బతికున్న పిల్లల పోలికలు తీసుకుని ఉంటాడు," అందావిడ. నావైపు కాసేపు చూసి, స్లైడు మార్చకుండా అలాగే ఉంచింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మావారికి చెప్పాను. "మనమూ అలాంటిదొకటి వేయించుకుందామండీ. నలుగురం ఉండేలా."

"మనమేమన్నా రాజులమా?" అన్నారు. మజ్జిగ పోసుకున్నవారు తినకుండానే చెయ్యి కడిగేసుకున్నారు.

కొన్నాళ్ళకి ఆఫీస్ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, "మాల్‌లో ఒకాయన ఫొటోలు చూసి ఆయిల్ పెయింటింగ్ చేస్తాడట. శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నా," అన్నారు.

ఆ పెయింటర్ నెరిసిన గడ్డం అమెరికన్. మా ముగ్గురి ఫొటోలూ ముందు పరిచి, పాప గురించి చెప్పడం మొదలుపెట్టాను. పైన మబ్బులో, చిన్న రెక్కలతో...

"రెక్కలొద్దు," అన్నారు మావారు. "మాతోపాటు నేల మీద నిలబెట్టండి. ఉంటే ఇప్పటికి ఏడేళ్ళు."

పెయింటర్ పెన్సిల్ తీసుకున్నాడు. "జుట్టు?"

"రెండు జడలు," అన్నాను.

"మొహం మీ అబ్బాయిలా వెయ్యనా?"

"వాడిలాగే వెయ్యండి. గడ్డం మధ్యలో చిన్న నొక్కు ఉండాలి," అన్నారు మావారు, తన గడ్డం మీద వేలు పెట్టి చూపిస్తూ. ఆయన గడ్డానికి నొక్కు లేదు. నాకూ లేదు, బాబుకీ లేదు.

కారెక్కగానే బాబు వెనక సీట్లో నిద్రపోయాడు. అప్పుడడిగాను. "గడ్డం నిండా టేపులే కదా. నొక్కు మీకెలా కనిపించింది?"

ఆయన తాళం చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. "చివర్న గొట్టాలన్నీ తీసేసి నర్సు నా చేతుల్లో పెట్టింది. నీకు జ్వరం, మందిచ్చి పడుకోబెట్టారు. లేపమంటే డాక్టర్ వద్దన్నాడు. కాసేపు ఉంది నా దగ్గర. ఒకసారి కళ్ళు తెరిచింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఒక్కసారైనా ఎత్తుకోలేదు. నేను ఎత్తుకున్నానని నీకెలా చెప్పను?"

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

పటం వచ్చింది. హాల్లో తగిలించాం. మా ఇద్దరి మధ్య, బాబు పక్కన, రెండు జడలతో, పట్టు పరికిణీలో, గడ్డం మీద నొక్కుతో ఒక అమ్మాయి. "అక్క నాకంటే టాల్ ఉంది," అన్నాడు బాబు తన అమెరికన్ తెలుగులో. నేను వంట మధ్యలో పదేపదే హాల్లోకి వచ్చి చూసుకునేదాన్ని. నా కూతురికి మొట్టమొదటిసారి ఒక మొహం వచ్చింది.

మావారు మాత్రం పటం ముందు నిలబడటం మానేశారు. ఒక ఉదయం కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా, "అది తీసేద్దామా?" అన్నారు.

"బాగా రాలేదా?"

"బాగా వచ్చింది. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుంటే పాప మొహం కనిపించేది. చారెడు మొహం. ఇప్పుడు మూసుకుంటే ఈ పిల్ల వస్తోంది. ఎంత చేసినా అది రావట్లేదు."

పెళ్ళయ్యాక ఆయన ఏడవడం చూసింది ఆ రోజే.

ఇద్దరం కలిసి పటం దించి, దుప్పట్లో చుట్టి బేస్‌మెంట్‌లో పెట్టాం. చాలాకాలం తర్వాత, "మళ్ళీ కనిపించిందా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపారు. ఇంకెప్పుడూ అడగలేదు.

నాకున్నది ఆ బేస్‌మెంట్‌లోని మొహమే. ఆయన ఆఫీస్‌కి వెళ్ళాక, బట్టలు వాషర్‌లో వేయడానికి దిగినప్పుడల్లా దుప్పటి తీసి దాన్ని చూసేదాన్ని, మళ్ళీ కప్పేదాన్ని. నేను చూస్తున్నానని ఆయనకి తెలుసు. శనివారాలు బట్టలు ఉతకడం ఆయన వంతు. ఆయన మాత్రం ఆ దుప్పటి మీద ఎన్నడూ చెయ్యి వెయ్యలేదు.