మాంట్‌గొమరీ స్ట్రీట్‌లో ఉద్యోగం

"మ్యాప్ చెప్పినట్టే వచ్చాను కదా, ఇంకా నన్నంటావేంటి?"

"మ్యాప్ చెప్తే సముద్రంలోకైనా దూకుతావు నువ్వు. ఆ బోర్డు పట్టుకున్న ఆవిణ్ణి అడగొచ్చుగా, పార్కింగ్ ఎక్కడని?"

"ఆవిడకేం తెలుసు? రోడ్డు మీద నిలబడే మనిషి."

శాన్‌ఫ్రాన్సిస్కో మాంట్‌గొమరీ స్ట్రీట్‌లో ఆగిన కారులోంచి వస్తున్న ఆ తగువు ఒక్క ముక్క పొల్లుపోకుండా విజయశ్రీ చెవిన పడింది. లోపలున్నది ఫణి, రాగిణి. సన్నీవేల్‌లో ఆమె ఉండే అపార్ట్‌మెంట్ల వాళ్ళే. దుమ్ముకి కట్టుకున్న మాస్కు పైకి లాక్కుని, హెల్మెట్ కళ్ళదాకా దించుకుంది. పక్కన తవ్విన గోతిలోంచి మట్టి లారీ వెనక్కి వస్తోంది. అది దాటేదాకా తన చేతిలోని స్టాప్ బోర్డును స్లో వైపు తిప్పి కార్లను వదలడానికి వీల్లేదు.

ఒకప్పుడు సముద్రం ఈ వీధి అంచుదాకా ఉండేది. బంగారం వేటకొచ్చిన జనం ఓడల్ని నీళ్ళలోనే వదిలేసి కొండలకు పరిగెత్తితే, వాటిలో కొన్నిటి మీద మట్టి పోసి ఊరు కట్టేశారు. ఇప్పుడు ఆ నేల మీద బస్సులు, హారన్లు, బ్యాంకులు. వీధి పేరు చెబితే చాలు, మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది బ్యాంకే.

విజయశ్రీ అబద్ధమాడలేదు. డిపెండెంట్ వీసా మీద ఏళ్ళకేళ్ళు ఇంట్లో కూర్చున్నాక, వర్క్ పర్మిట్ వస్తే దొరికిన మొదటి పని రోడ్డు మీద ఈ బోర్డు పట్టుకోవడమే. ఎక్కడ చేస్తున్నారని రాగిణి అడిగితే, మాంట్‌గొమరీ స్ట్రీట్‌లో అంది. "ఓ, బ్యాంకా" అంది రాగిణి. విజయశ్రీ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

"విజయశ్రీ గారి బ్యాంక్ ఇక్కడే కదా," కారులో రాగిణి అంటోంది. "కాల్ చేస్తానుండు. వాళ్ళ బిల్డింగ్‌లో పార్క్ చేసుకోనిస్తారేమో."

విజయశ్రీ జేబులో ఫోన్ మోగింది. చెవి దగ్గర ఫోన్‌తోనే రాగిణి ఇటు తిరిగి చూసింది. అంతలో లారీ దాటింది. విజయశ్రీ తల వంచుకుని బోర్డును స్లో వైపు తిప్పింది. కారు కదిలింది, జేబులో ఫోన్ మోత ఆగింది.

ఆ వెనకే సైకిల్ మీద నిశాంత్. కింది ఫ్లాట్ వాళ్ళబ్బాయి. కాలేజీ మానేసి ఇక్కడ ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. అపార్ట్‌మెంట్లలో ఆమె పని సంగతి తెలిసింది అతనొక్కడికే.

"ఆంటీ, ఫోన్ ఎందుకు ఎత్తలే?"

"చేతులు ఖాళీ లేవురా."

"ఒక హ్యాండ్ ఫ్రీగానే ఉంది."

ఆమె చెంపలు మండాయి. బోర్డు రెండో చేతికి మార్చుకుంది.

"సిగ్గేసింది," అంది. "ఈ పని చేస్తున్నందుకు కాదని చెప్తే అది ఇంకో అబద్ధం."

"చెప్పెయ్ ఆంటీ. నేను కాలేజ్ డ్రాప్ చేశా అని మామ్ ఫేస్ మీదే చెప్పా."

"ఏమంది?"

"టూ వీక్స్ మాట్లాడలే. తర్వాత పప్పన్నం పెట్టింది."

విజయశ్రీ రోడ్డు వంక చూసింది. ఇంకో లారీ వస్తోంది. బోర్డు మళ్ళీ స్టాప్‌కి తిప్పింది.

"ఆదివారం రాగిణి వాళ్ళింట్లో వ్రతం. నువ్వూ రా నాన్నా. నా పక్కనే కూర్చో. ఎవరైనా బ్యాంక్ అన్నారనుకో, నేను నవ్వేలోపే నువ్వు చెప్పెయ్."