మణికొండ బండ దగ్గర పాఠం

ఇంటర్వ్యూ కోసం కాకినాడ నుంచి హైదరాబాదు వెళ్లి, మణికొండలో బస్సు కోసం నిలబడ్డాను. పక్కనే, అపార్ట్‌మెంట్ల కోసం పేల్చబోతున్న పెద్ద బండకు కూలీలు పసుపు రాసి, కొబ్బరికాయ కొడుతున్నారు. పగలగొట్టేదానికి పూజ ఎందుకా అని చూస్తుంటే, ఆ కూలీల్లో ఒకామె నవ్వింది.

"మాకు బువ్వ పెడ్తది గద బిడ్డా. ముందుగాల మాఫీ అడగాలె."

ఆ బండనే తడుముతున్న పెద్దాయన ముప్పై ఏళ్లు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పారట. ఏటా పిల్లల్ని ఇక్కడికే తెచ్చేవారట.

"కోర్సు ఎత్తేసిన్రు. ఇగ ఇది గూడ పోతది," అంటూ నా చేతిలో భూతద్దం పెట్టారు. "ఈ తెల్లచార జూడు బిడ్డా. బండ పగిలినంక, ఆ సందుల కరిగిన రాయి దూరి గడ్డకట్టింది. మరి రెండిట్ల ఏది ముందు పుట్టింది?"

నాకు తెలుసు. కానీ కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు.

"సారూ, ఇగ జరుగుండ్రి," అని కూలీలు కేకేశారు.

"ఫికర్ జెయ్యకు. ఈ నడుమ ఎవ్వరూ చెప్తలేరు," అని ఆయన భూతద్దం తీసుకుని వెళ్లిపోయారు.

బస్సెక్కాక డైరీ తీసి, "బండే ముందు" అని రాశాను. రాస్తుండగానే వెనక పేలుడు వినిపించింది.